బకెట్ కార్డు మీద ఎర్రచుక్క

పశువుల క్లినిక్‌లో నున్నటి పరీక్ష బల్ల మీద నాలుగు కాళ్లూ నాలుగు దిక్కులకు పోతుంటే, బకెట్ అనే ఆ కుక్క చేసిన మొదటి పని కుర్ర డాక్టరు తెల్లకోటు చెయ్యి పట్టుకుని చింపడం. కుర్ర డాక్టరు చేసిన మొదటి పని దాని కార్డు మీద ఎర్రచుక్క పెట్టడం. ఎర్రచుక్క అంటే కరిచే కుక్క అని అర్థం.

"ఏం చేస్తున్నారండీ మీరు?" షెల్టర్ అమ్మాయి ఒంటికాలి మీద లేచింది. వీధికుక్కల షెల్టర్ నుంచి బకెట్‌ని తీసుకొచ్చింది ఆమే.

"కోటు చూడండి! కొత్త కోటు. ఉద్యోగంలో చేరి పదకొండు రోజులే అయింది."

"అది కరవలేదు, భయపడింది. కరవాలనుకుంటే కోటు దగ్గర ఎందుకు ఆగుతుంది? చెయ్యి లోపలే ఉందిగా!"

కుర్ర డాక్టరు చెయ్యి చూసుకున్నాడు. గీత కూడా పడలేదు. గట్టిగా ఏదో అందామనుకున్నాడు కానీ, కోపమొస్తే ఆమె ముక్కు చివర ఎర్రబడుతోంది. అది చూస్తూ అనాల్సిన మాట మరిచిపోయాడు.

ఈలోగా కుక్క బల్ల దిగి, మూలనున్న నేల తుడిచే బకెట్లో తల దూర్చి కూర్చుంది. దానికి ఆ పేరెందుకు పెట్టారో అతనికి అప్పుడు తెలిసింది.

"ఎర్రచుక్క ఉన్న కుక్కని ఏ ఇంటికీ ఇవ్వకూడదని మా రూలు." ఆమె గొంతు తగ్గింది. "రెండేళ్లలో దీన్ని అడిగిన మనిషి ఒక్కరే. రిటైరైన పోస్ట్‌మాన్‌గారు. ముప్పయ్యేళ్లు కుక్కలు నన్ను తరిమాయమ్మా, ఒక్కటైనా నన్ను చూసి తోక ఊపితే చాలు అన్నారు. నెలాఖరుకి వస్తారు."

కుర్ర డాక్టరుకి మనసు కలుక్కుమంది. కానీ పెట్టిన చుక్క తీసేసే అధికారం అతనికి లేదు. పెద్ద డాక్టరమ్మ స్వయంగా పరీక్షించి, కుక్క కుదురుగా ఉందని సంతకం పెట్టాలి. ఆవిడ గదిలోకొస్తే కుక్కలే కాదు, స్టాఫు కూడా వణుకుతారు.

"ఇంకా మూడు వారాలున్నాయి. ఏం చేద్దామంటారు?" అన్నాడు.

ఆమె సంచిలోంచి ఒక కాగితం తీసింది. క్లినిక్‌కి తెచ్చిన ప్రతి కుక్కకీ షెల్టర్ వాళ్లు నింపే కంగారు కాగితం అది. కుక్క భయపడుతోందని చెప్పే గుర్తులు అందులో వరసగా ఉన్నాయి. మూతి నాక్కోవడం, నిద్ర రాకపోయినా ఆవులించడం, చూపు తిప్పేసుకోవడం, ఒక కాలెత్తి ఆగిపోవడం, చివరికి కరవడం. పై నాలుగింటికీ ఆమె అప్పటికే టిక్కులు పెట్టేసింది.

"అది నాలుగుసార్లు చెప్పింది డాక్టరుగారూ. మీరు వినలేదు."

మర్నాటి నుంచి ఆమె రోజూ సాయంత్రం అయిదింటికి బకెట్‌ని ఊరికే తీసుకొచ్చేది. సూది లేదు, థర్మామీటర్ లేదు. మొదటి రోజు గేటు దగ్గరే ఉడికించిన చికెన్ ముక్క తినిపించి వెనక్కి తీసుకెళ్లింది. తర్వాత గుమ్మం దాకా. తర్వాత లోపలికి. ఆ మూడు వారాల్లో కుర్ర డాక్టరు తల ప్రాణం తోకకొచ్చింది. ఆమె అతని కోటు విప్పించింది. నేల మీద రబ్బరు చాప వేయించింది. బకెట్‌కి బల్ల కింద చోటు నచ్చడంతో అతన్నీ బల్ల కిందికి దూర్చింది.

"మీరెందుకు ఆవులిస్తున్నారు?" బల్లకి అటువైపు నుంచి అడిగింది.

"నిద్ర చాల్లేదండీ."

"నిన్నా అదే అన్నారు."

అతను చూపు తిప్పేసుకున్నాడు. ఆమె మూతి బిగించి నవ్వాపుకుంది.

ఇంట్లో అమ్మ బట్టలు ఉతకబోయి ప్యాంటు జేబులో చికెన్ ముక్కలు పట్టుకుంది.

"ఎవర్రా?"

"కుక్కమ్మా."

"కుక్క కోసం సెంటు కొట్టుకుని వెళ్తున్నావా?"

మర్నాడు షెల్టర్ అమ్మాయి కూడా అదే ఊసెత్తింది. "సెంటు మానెయ్యండి. బకెట్ తుమ్ముతోంది."

పరీక్ష రోజు రానే వచ్చింది. పెద్ద డాక్టరమ్మ కోటు గుండీలు పెట్టుకుంటూ లోపలికొచ్చింది. బకెట్ బల్ల కిందికి దూరింది.

"పైన పెట్టండి," అందావిడ.

షెల్టర్ అమ్మాయి ముఖం పాలిపోయింది. కుర్ర డాక్టరు నోరు దానంతటదే తెరుచుకుంది.

"పెట్టనండీ."

"ఏమిటీ?"

"పైన పెడితే మీరు దాని భయాన్ని చూస్తారు మేడమ్, దాన్ని కాదు. కింద చూడండి. కోటు కూడా తీసేస్తే..." మిగతాది మింగేశాడు.

ఆవిడ అతన్ని ఎగాదిగా చూసింది. కోటు విప్పి కుర్చీ మీద పడేసింది. మోకాళ్లు పటపటమంటుంటే బల్ల కిందికి వంగింది. బకెట్ ఒకసారి మూతి నాక్కుంది. మూలనున్న బకెట్ వైపు చూసింది. ఎవరూ తొందరపెట్టలేదు. కాసేపటికి మెల్లగా వచ్చి, ఆవిడ ఒళ్లో గడ్డం ఆనించింది. ఆవిడ చెవులు చూసింది, పళ్లు చూసింది, గుండె చప్పుడు విన్నది.

"నాకంటే దీని గుండే నెమ్మదిగా కొట్టుకుంటోంది. కార్డు ఇలా ఇవ్వండి." కిందే సంతకం పెట్టేసింది. "సరే, ఇప్పుడు నన్నెవరు లేపుతారు?"

ఇద్దరూ చెరో చెయ్యి పట్టుకుని లేపారు.

నెలాఖరున పోస్ట్‌మాన్‌గారు ఇస్త్రీ చొక్కా వేసుకుని క్లినిక్‌కే వచ్చారు. బకెట్ ఆయన్ని వాసన చూసి తోక ఊపింది. ఆయన కళ్లు తుడుచుకుని, "మళ్లీ ఊపమ్మా," అని బతిమాలారు. కుక్కతో పాటు నేల తుడిచే బకెట్ కూడా అడిగి పట్టుకెళ్లారు.

గది బోసిపోయింది. ఇక రేపటి నుంచి షెల్టర్ అమ్మాయి రావడానికి పనేమీ లేదు. కుర్ర డాక్టరు ఏదో చెప్పబోయి, గుమ్మం దగ్గర ఒక కాలు ముందుకెత్తి ఆగిపోయాడు.

ఆమె అది చూసి, సంచిలోంచి సగం నింపిన కంగారు కాగితం తీసింది. మిగతాది నింపి అతని చేతికిచ్చింది.

మూతి నాక్కోవడం: రోజూ. ఆవులింత: నేనొచ్చిన అయిదు నిమిషాలకి. చూపు తిప్పుకోవడం: నేను చూసినప్పుడల్లా. కాలెత్తి ఆగడం: ఇప్పుడే. కరవడం: లేదు. సలహా: తొందరపెట్టకూడదు. రోజూ అయిదింటికి ఊరికే కలవాలి.

అతని చెవులు వేడెక్కాయి. "అంటే నాలుగుసార్లు చెప్పేశానన్నమాట."

"నేను విన్నాను," అందామె.

"అయినా నోటితో కూడా చెప్తానండీ. మీరంటే నాకు చాలా ఇష్టం." మూతి నాక్కోలేదు, ఆవులించలేదు. ఆమె కళ్లలోకే చూస్తూ చెప్పాడు.

ఆమె ముక్కు చివర ఎర్రబడింది. కోపం లేకపోయినా ఎర్రబడుతుందని అతనికి తెలియడం అదే మొదటిసారి.