పైనుంచి కిందికి దిగిన బొమ్మ

ఇప్పుడు ఫోటో తెరిస్తే రెప్ప వేసేలోపు తెర నిండా వచ్చేస్తుంది. అంత తొందరగా రావడం నాకు నచ్చదు. మా పాత కంప్యూటర్‌లో బొమ్మ వచ్చేది కాదు, దిగేది. పైనుంచి కిందికి, గీత గీతగా, దుకాణంలో కొత్త చీర మడతలు విప్పినట్టు. పెళ్లికూతురి ఫోటో అయితే ముందు పాపిటబిళ్ల, తర్వాత నుదురు, ఆ తర్వాత కళ్లు. టీ గ్లాసు పట్టుకొని అది దిగేదాకా చూస్తూ కూర్చోవడం నాకు ఎంత ఇష్టమో!

అచ్చంపేట బస్టాండుకు దగ్గర్లో మాది ఫోటో స్టూడియో. ముందు దుకాణం, వెనక ఇల్లు. నా భర్త అహ్మద్ ఫోటోలు తీసేవాడు. నేను నాగర్‌కర్నూల్‌లో కంప్యూటర్ నేర్చుకొని వచ్చినదాన్ని కాబట్టి, వాటిని సరిచేసే పని నాది. 2004లో హైదరాబాద్ నుంచి సెకండ్‌హ్యాండ్ కంప్యూటర్ తెచ్చుకున్నాం. దాని డిస్‌ప్లే కార్డు అప్పటికే ముసలిది. మెమరీ చాలా తక్కువ. ఒక ఫోటో మూసి ఇంకోటి తెరిస్తే, పాతదాని ముక్కలు కొత్తదాని మీద కాసేపు అతుక్కుని ఉండేవి. పెళ్లికొడుకు మూతి మీద ఎవరిదో మల్లెపూల జడ. చిన్నపిల్ల మెడలో పోలీసాయన టోపీ. ఇద్దరం పడీ పడీ నవ్వుకునేవాళ్లం. కొత్త కార్డు కొందామని అహ్మద్ అంటే నేనే వద్దన్నాను.

ఆ వానాకాలంలో కిష్టయ్య వచ్చాడు. శ్రీశైలం రోడ్డు మీద, అడవి మొదలయ్యే చోట వాళ్ల ఊరు. ఊరికి దూరంగా చేనులోనే ఇల్లు. పిల్లల్లేరు. భార్య రేణుకమ్మ జ్వరంతో పోయింది. భుజం మీది ఎర్ర గళ్ల తువ్వాలతో చేతులు తుడుచుకొని, జేబులోంచి ఒక ఫోటో తీసి బల్ల మీద పెట్టాడు.

చనిపోయాక కుర్చీలో కూర్చోబెట్టి తీసిన ఫోటో అది. మొహం నిండా పసుపు. నుదుట పెద్ద బొట్టు. దవడ జారకుండా తలకు చుట్టి కట్టిన గుడ్డ. మూసిన కళ్లు.

"బతికున్నప్పుడు తీసింది ఒక్కటి గూడ లేదా అన్నా?" అని అడిగాను.

"ఓటరు కార్డుల ఉండె గని, మసి పూసినట్టున్నది. జర కండ్లు తెరిపియ్యమ్మా. కండ్లు మూసుకున్నదాన్ని గోడకు ఎట్ల పెట్టుకోను?"

అప్పట్లో మాకు అలాంటి పని తరచుగా వచ్చేది. అక్కదో చెల్లెలిదో ఫోటో తీసుకొని, అందులోంచి కళ్లు తెచ్చి అతికించి, రంగు కలిపేదాన్ని. రేణుకమ్మకు అలాంటివాళ్లు ఎవరూ లేరన్నాడు కిష్టయ్య.

"అయితే నా కండ్లు పెడత," అన్నాను.

"నీ కండ్లు సల్లగుండ తల్లీ," అని చేతులు జోడించాడు.

నా పాస్‌పోర్టు ఫోటో తెరిచి కళ్లు తీసి, రేణుకమ్మ మొహంలో పెట్టాను. బాగా కుదిరాయి. అహ్మద్ ఆ ఫోటోకు అద్దం వేసి ఫ్రేము కట్టాడు. మర్నాడు పొద్దున కిష్టయ్య వచ్చి చూసి, కాసేపు ఏడ్చి, ఫ్రేమును గుండెకు ఆనించుకొని బస్సెక్కాడు.

ఆ రోజు మధ్యాహ్నం బాగా మబ్బు పట్టింది. నేను ఒక పెళ్లి ఫోటో తెరిచాను. బొమ్మ దిగుతోంది. పాపిటబిళ్ల... నుదురు... కనుబొమలు...

మూసిన కళ్లు.

రెప్పల మీద పసుపు.

నిన్నటి ఫోటో ముక్కలే అనుకున్నాను. పోతాయని చూశాను. పోలేదు. మూసి మళ్లీ తెరిచాను. మళ్లీ అవే. నా పాస్‌పోర్టు ఫోటో తెరిచాను. నా నుదురు దిగింది. నా కనుబొమలు దిగాయి. వాటి కింద మూసిన రెప్పలు.

కంప్యూటర్ ఆపేద్దామని మౌస్ పట్టుకున్నాను. అప్పుడే గది పైభాగం నల్లబడింది.

"అమ్మీ... కరెంటు పోయిందా?" అని పిలిచాను.

వెనకింట్లోంచి మా అత్త సుల్తానాబీ వచ్చింది. "లేదు బేటీ. ఫ్యాను తిరుగుతనే ఉన్నది గదా."

ఫ్యాను చప్పుడు వినిపిస్తోంది. ఫ్యాను కనిపించడం లేదు. చీకటి పైనుంచి దిగుతోంది... గీత గీతగా. ట్యూబులైటు పోయింది. మానిటర్ పోయింది. చివరికి నా చేతులు పోయాయి.

నా కేక విని అహ్మద్ పరుగెత్తుకొచ్చాడు. "దవాఖానకు పోదాం, లే" అని రెక్క పట్టుకున్నాడు. కానీ అప్పటికే ఆ చీకట్లో పైనుంచి ఇంకేదో దిగడం మొదలైంది. ముందు పొగచూరిన దూలం. తర్వాత మట్టిగోడ. అంతా ముతక ముతక గళ్లుగా. తర్వాత దండెం. దండెం మీద ఎర్ర గళ్ల తువ్వాల. తెరిచి ఉన్న తలుపు. బయట మబ్బు వెలుతురు.

"కిష్టయ్య ఇల్లు," అన్నాను. "గోడకున్న ఫోటోల నుంచి చూస్తున్న. ఆ ఫోటో తీస్కరా. ఉరుకు!"

అహ్మద్ బయటికి పరుగెత్తాడు. బండి స్టార్టయిన చప్పుడు వినిపించింది.

అత్త నా చెయ్యి పట్టుకొని దువా చదువుతూ కూర్చుంది. నేను కళ్లు గట్టిగా మూసుకున్నాను. లాభం లేదు. మూసుకున్నా అదే ఇల్లు. ఎవరూ లేని ఇల్లు.

తర్వాత... మూలన ఉన్న వడ్ల గుమ్మి వెనకనుంచి ఒక చెయ్యి వచ్చింది.

అరచెయ్యి గోడకు ఆనించి ఉంది. తడుముతోంది. చెయ్యి వెనక భుజం. భుజం వెనక మనిషి. మొహం గోడవైపు ఉంది. కుండలు తడిమింది. ఒక్కొక్కటే. దీపం గూడు తడిమింది. తన ఇంట్లో తనకే దారి తెలియనట్టు మెల్లగా, అడుగు అడుగుగా జరుగుతోంది.

ఇటు తిరిగింది.

దవడకు కట్టిన గుడ్డ అలాగే ఉంది. కళ్లు మూసే ఉన్నాయి.

"ఏమైతుంది బేటీ?" అత్త గుసగుసగా అడిగింది.

"ఎదుకుతుంది..."

"ఏం ఎదుకుతుంది?"

మళ్లీ అత్తే అంది, ఇంకా మెల్లగా: "ఈ పసుపు వాసన యాడికెళ్లి వస్తుంది?"

నాకూ వస్తోంది. పసుపు, కర్పూరం... తడి మట్టి.

ఆమె గోడ పట్టుకొని నావైపు వస్తోంది. నేను జరగలేను. మేకుకు వేలాడుతున్నాను. వేళ్లు ఫ్రేము అంచును తాకాయి. ఆగాయి. అద్దం మీదికి పాకాయి.

అరచెయ్యి నా కుడికన్ను మీద పడింది. ఇక్కడ, స్టూడియోలో, నా రెప్ప మీద చల్లగా తగిలింది. తర్వాత ఎడమకన్ను. నేను అరిచానట. నాకు గుర్తు లేదు.

చాలాసేపు ఆ చేతులు అలాగే ఉన్నాయి.

తర్వాత అంతా ఊగింది. దూలం, తలుపు, వాకిలి, ఆకాశం... ఊగడం ఆగింది. ఎదురుగా ఎర్రమట్టి బాట. వాన చినుకులు. ఎంతసేపో అదే బాట. చివరికి దాని మీద అహ్మద్ బండి కనిపించింది. దగ్గరికొచ్చాడు. వంగాడు. ఏదో గుడ్డ కప్పాడు.

నల్లగా అయింది. ఆ నలుపులోంచి, పైనుంచి కిందికి, మా ట్యూబులైటు దిగింది. ఫ్యాను దిగింది. ఆఖరికి ఏడ్చి ఏడ్చి ఉబ్బిన మా అత్త మొహం దిగింది.

అహ్మద్ సాయంత్రానికి వచ్చాడు. నిలువెల్లా తడిసిపోయాడు. గుడ్డలో చుట్టిన ఫ్రేము బయటే పెట్టి, నా కళ్లలోకి చాలాసేపు చూశాడు. నీళ్లు తాగాడు.

"కిష్టయ్య బాధపడ్డడా, ఫోటో ఇచ్చేటప్పుడు?" అని నేనే అడిగాను.

"ఆయన ఇంట్ల లేడు. పొద్దున ఫోటో గోడకు పెట్టి, తలుపు తెరిచిడిసి చేన్లకు పోయిండట. ఫోటో గడప బయట ఉండె. బాటదిక్కు మొహం చేసి నిలబెట్టి ఉండె."

"ఆయనే పెట్టిండేమో..."

అహ్మద్ తల అడ్డంగా ఊపాడు. "నన్ను చూసి అప్పుడు ఉరికొచ్చిండు చేన్లకెళ్లి. ఫోటో బయట ఎవరు పెట్టిన్రని నన్నే అడుగుతుండు. లోపటికి పోదామని తలుపు నూకిండు. ఇద్దరం నూకినం. రాలే."

"తాళం ఏసి ఉండెనా?"

ఆయన మా అత్తవైపు చూసి గొంతు తగ్గించాడు.

"తాళం లేదు. లోపటి దిక్కు గడియ పెట్టి ఉన్నది."