ఎడమ స్పీకరు కింద

మా ఊళ్ళో పాటల హాలుకి వెళ్తే ఎక్కడైనా నిలబడండి. ఎడమ స్పీకరు కింద, ఆ స్తంభం పక్కన మాత్రం వద్దు.

ఒకప్పుడది కోల్డ్ స్టోరేజీ. గోడలకి ఇప్పటికీ ఆ చలి వదల్లేదు. హాలంతా జనం కిక్కిరిసిపోయినా స్తంభం దగ్గర మాత్రం ఒక మనిషి పట్టేంత జాగా ఖాళీగా ఉంటుంది. పాటలో అంతా ఊపిరి బిగబట్టే చోట... అక్కణ్ణుంచి ఒక కేక వస్తుంది. అందరికంటే ముందు. ఒంటరిగా. చీకట్లో తెల్లటి చేతులు చూశామనేవాళ్ళూ ఉన్నారు.

నవ్వకండి. మొదట నేనూ నవ్వాను.

ఆ కేక మొట్టమొదట విన్నది మా పెద్దమ్మ కూతురు. అక్క కట్టుడు పళ్ళు తయారుచేసే ల్యాబులో పనిచేస్తుంది. ఊళ్ళో ముసలాళ్ళ నవ్వుల్లో సగం తన చేతి చలవే. తను మాత్రం తమ్ముడు పోయాక నవ్వు మానేసింది.

వాణ్ణి మేమంతా తొందరోడు అనేవాళ్ళం. జోకు పూర్తికాకముందే నవ్వేవాడు. కంచం పెట్టకముందే చెయ్యి చాపేవాడు. ఒక పాప్-పంక్ బ్యాండ్ అంటే వాడికి ప్రాణం. గుండె పగిలిందని గంతులేస్తూ పాడే బాపతు. పక్క ఊళ్ళో వాళ్ళ ప్రోగ్రాంకి వెళ్ళి, తిరిగొస్తూ దారిలోనే పోయాడు. పోవడంలోనూ తొందరే.

ఫొటోల్లో వాడి మొహం ఉంది. గొంతే ఎక్కడా లేదు. వీడియో తీద్దామంటే కుదురుగా నిలబడితేగా.

"చెరిగిపోతోందిరా," అనేది అక్క నాతో. "వాడెలా పిలిచేవాడో... రోజుకి కొంచెం చెరిగిపోతోంది."

ఆ మరుసటి ఏడు అదే బ్యాండ్ మా ఊరొచ్చింది. అక్క ఒక్కతే వెళ్ళింది. స్పీకరు హోరుకి చెవులు పోతాయని స్తంభం దగ్గర ఎవరూ లేరు. వెళ్ళి దానికి ఆనుకుని నిలబడింది.

చివరి పాటలో ఒక ఆనవాయితీ ఉంది. డ్రమ్ము ఠక్కున ఆగుతుంది. పాడేవాడు మైకు జనం వైపు తిప్పుతాడు. ఒక్క క్షణం నిశ్శబ్దం... అప్పుడు అందరూ కలిసి అరవాలి.

డ్రమ్ము ఆగింది.

"ఇక్కడే ఉన్నా—"

సరిగ్గా చెవి పక్కన. బొంగురు గొంతు, చివర చిన్న జీర. ఆ తర్వాతే జనం అరిచారు.

అక్క గిర్రున తిరిగింది. స్తంభం తప్ప ఎవరూ లేరు.

రెండోసారి డ్రమ్ము ఆగింది. మళ్ళీ... వాడే. తొందరోడే.

"ఒరేయ్," అంది అక్క స్తంభానికి చెంప ఆనించి, గుసగుసగా. "ఇంకేదైనా మాట్లాడరా."

మూడోసారీ అదే మాట. అదే జీర. వెంట్రుకవాసి తేడా లేకుండా.

జనం వెళ్ళిపోయాక, వైర్లు చుట్టుకుంటున్న సౌండాయన దగ్గరికెళ్ళి అడిగింది. ఆయన దొంగతనం బయటపడ్డట్టు ముడుచుకుపోయాడట. చిన్న ఊళ్ళలో జనం గొంతు చాలదు. అందుకని కిందటేడు పక్క ఊళ్ళో రికార్డు చేసిన అరుపుల్ని స్పీకర్లలో కలుపుతారట.

"అందులో ఎవడో ముందే అరిచేశాడమ్మా. కత్తిరిద్దామనుకున్నా... బతికున్నట్టుంది కదా అని వదిలేశా."

విషయం తెలిశాక ఆయన ఆ ముక్క వరకూ తీసి అక్క ఫోనులోకి పంపాడు.

కథ సుఖాంతమనుకున్నారు కదూ. నేనూ అలాగే అనుకున్నా.

అక్క దాన్ని వింది. పళ్ళు అరగదీస్తూ వింది, పడుకుని వింది, లేస్తూనే వింది. నమిలి నమిలి పిప్పి చేసేసింది. ఒకరోజు ఫోను నా చెవి దగ్గర పెట్టి, "ఇది వాడేనంటావా?" అంది. తలుపు కిర్రుమన్నట్టుంది, అంతే. అందులో ఎవరూ లేరు.

తర్వాత ఆ బ్యాండే లేకుండా పోయింది. సౌండాయన మళ్ళీ ఇటు రాలేదు.

కేక మాత్రం వస్తూనే ఉంది. ఏ బ్యాండ్ వచ్చినా, డ్రమ్ము ఎక్కడ ఆగినా, అందరికంటే ముందు... ఎడమ స్పీకరు కింద నుంచి. పక్కనున్నవాళ్ళు మెల్లగా జరిగిపోతారు.

ఆ దెయ్యం ల్యాబు నుంచి తిన్నగా హాలుకే వస్తుంది. అచ్చుపోసే తెల్లపొడి చేతులకి అలాగే ఉంటుంది. కడుక్కునేంత తీరిక ఉండదు, తొందర. ప్రోగ్రాం అయ్యాక బండి మీద ఇంటి దగ్గర దింపేది నేనే.

దారిలో నా భుజం మీద చెయ్యేసి, ప్రతిసారీ ఒకటే అడుగుతుంది.

"ఇవాళ వాడిలాగే వచ్చిందా?"

"అచ్చం వాడే," అంటాను, ప్రశ్న పూర్తికాకముందే.

నిజానికి... వాడి గొంతు నాకూ గుర్తులేదు.