అన్న మోసిన కోపం

మేం ఫోన్లలో ఆడిన ఆట ఆ సాయంత్రం ఏడు గంటలకు మూతపడుతుందని ప్రణీత ఫోన్ చేసి చెప్పింది.

"కంపెనీవాళ్లు బంద్ పెడుతున్నరంట సుమనా. మల్ల ఉండదు. ఒక్కసారి పోయొద్దామా?"



ప్రణీత నల్గొండలో నాతో డిగ్రీ చదివింది. రెండేళ్ల కింద ఆ ఆట ముగ్గురం ఆడేవాళ్లం. తను, నేను, మా అన్న విజేందర్. తను వాళ్లింట్లో, మేం మా ఇంట్లో కూర్చుని, ఫోన్లలో ఒక గుహలోకి దిగి, అక్కడి రాక్షసుడితో కొట్లాడేవాళ్లం. ప్రణీత దూరం నుంచి బాణాలు వేసేది. నేను మందు వేసి గాయాలు మాన్పేదాన్ని. అన్న డాలు పట్టుకుని ముందు నిలబడేవాడు.

ఆ రాక్షసుడు ఎవరి మీద ఎక్కువ కోపముంటే వాళ్లనే కొడతాడు. దాన్ని అగ్రో అంటారు. బాణం తగిలితే కోపం పెరుగుతుంది. గాయం మాన్పినా పెరుగుతుంది. డాలు పట్టినవాడి పని మాత్రం వేరు. అరిచి, రెచ్చగొట్టి, ఆ కోపమంతా తన మీదికే గుంజుకోవాలి.

"మందు జర ఆగి ఇయ్యి చెల్లె," అనేవాడు అన్న. "ఎక్కువిస్తే అది నీ దిక్కు తిరుగుతది. నేను పడిపోయిననుకో, నా తర్వాత ఎవల మీద కోపముందో వాళ్ల మీదికి పోతది. దానికి మతిమరుపు లేదు."

ఇంట్లోనూ వాడు అంతే. నేను ఇంటర్‌లో ఫెయిలైన రోజు, మా బాపు కోపం నా దాకా రాకుండా వాడే ఏదో జగడం పెట్టుకుని, తిట్లన్నీ తనే తిన్నాడు.

చివరిసారి ఆడింది ఒక వానాకాలం సాయంత్రం. గుహలో కొట్లాట మధ్యలో ఉండగా బాపు పిలిచాడు, పొలం కాడికి పోయి మోటరు బంద్ చేసి రమ్మని. అన్న ఫోన్ మంచం మీద పెట్టి, "ఇప్పుడే వస్త, ఎటూ పోకుండ్రి," అన్నాడు. స్టార్టర్ డబ్బా తడిసి ఉంది. కరెంటు వాణ్ణి వదల్లేదు. కేకలు విని నేను పొలం వైపు ఉరికాను. ఆట సంగతి ఎవరికి గుర్తుంటుంది? ఆనాటి నుంచి బాపు ఎవరినీ ఏ పనికీ పిలవడు. దాహమైతే తనే లేచి నీళ్లు ముంచుకుంటాడు.

"పోదాం," అన్నాను ప్రణీతతో.

ఆరున్నర దాటింది. కేతేపల్లి దిక్కు మబ్బు పట్టి, ఇంట్లో అప్పుడే చీకటి కమ్ముతోంది. కరెంటు లేదు. తడిసిన గడ్డి వాసన, పొయ్యి పొగ వాసన కలిసి వస్తున్నాయి. ప్రణీత ఫోన్‌లో మాట్లాడుతూనే ఉంది. ఇద్దరం గుహలోకి దిగాం.

రాక్షసుడు మాకు వీపు పెట్టి నిలబడి ఉన్నాడు.

ఎదురుగా ఎవరూ లేరు. అయినా చెయ్యెత్తి కొడుతున్నాడు. కొట్టిన ప్రతిసారీ ఇనుప డాలు మోగిన చప్పుడు. ఠంగ్... కాసేపు ఆగి... ఠంగ్.

ప్రణీత బాణం వేసింది. ఇంకోటి వేసింది. పది వేసింది. వాడు తిరగలేదు.

"సుమనా..." అంది. "అది ఎవల్ని కొడ్తాంది?"

ఆ ఖాళీ జాగా మీద మందు వేశాను. పచ్చటి వెలుగు లేచింది. మందు ఎవరికో తగిలింది. అప్పుడు తెర పక్కన, మా ఇద్దరి పేర్ల కింద, మూడో పేరు మెల్లగా తేలింది.

విజేందర్.

పేరు పక్కన, ఎంత ప్రాణం మిగిలిందో చూపే గీత వెంట్రుకంత ఉంది.

వాడి ఫోన్ బీరువాలో ఉంది. రెండేళ్లుగా దాన్ని ఎవరూ చార్జింగ్ పెట్టలేదు. లేచి వెళ్లి చూశాను. చీర మడతల కింద, చల్లగా, నల్లగా అట్లాగే ఉంది.

తిరిగి వచ్చేసరికి తెర మీద ఒక మాట ఉంది.

"మందియ్యకు చెల్లె. అది నిన్ను చూస్తది."

ప్రణీత ఏడుస్తోంది. నేను ఒక్కో అక్షరం వెతుక్కుని రాశాను. "నొస్తాందా అన్నా?"

ఠంగ్... ఠంగ్...

"మీరు పోండ్రి. నేను దాన్ని పట్టుకున్న."

ఏడు కావడానికి నాలుగు నిమిషాలే ఉన్నాయి. రెండేళ్లు. మేం వదిలేసి పోయిన చోటే, ఒక్కడే, మందిచ్చేవాళ్లు లేకుండా... నేను ఆగలేదు. ఒకటి వెంట ఒకటి వేశాను. గీత గోరంతయింది, వేలెడయింది. వాడు "వద్దు" అని రాశాడు. మళ్లీ రాశాడు. నేను చదవనట్టే వేస్తూ పోయాను.

గీత నిండింది.

డాలు చప్పుడు ఆగిపోయింది. రాక్షసుడు ఎత్తిన చెయ్యి దించాడు. మెడ మెల్లగా తిప్పాడు... నా వైపు.

ఏడయింది. తెర నల్లబడింది.

"నిండింది చూసినవా?" అంది ప్రణీత.

"చూసిన," అన్నాను. రెండేళ్లలో మొదటిసారి గట్టిగా ఏడ్చాను.

మొహం కడుక్కుందామని వాకిట్లోకి వచ్చాను. కొట్టంలో అమ్మ పాలు పిండుతోంది. మేస్తున్న నాలుగు బర్లూ ఒక్కసారే తలలెత్తి నన్ను చూశాయి.

"ఏమైందే వీటికి? పాలు చేపుతలేవు," అంది అమ్మ.

నేను పక్కకు రెండడుగులు వేశాను. నాలుగు తలలూ, ఆ రాక్షసుడి మెడలాగే, మెల్లగా అటు తిరిగాయి.

అమ్మతో ఏమీ అనకుండా లోపలికి వచ్చి తలుపు వేసుకున్నాను. కాసేపు అక్కడే నిలబడ్డాను. తర్వాత చప్పుడు కాకుండా, గోడ పట్టుకుని, వంటింట్లోకి నడిచాను.

గోడ అవతలి నుంచి అమ్మ గొంతు వినిపించింది.

"బిడ్డా... వంటింట్లకు పోయినవా?"

"ఎట్ల తెలిసిందే?"



"బర్లు అటు తిరిగినయి."