పచ్చి ఒళ్ళు

గవర్నర్‌పేటలో పట్టపగలు దెయ్యం వచ్చిందంటే ఎవరైనా నవ్వుతారు. ఆ హోల్‌సేల్ కొట్ల మధ్య మనిషి నడవడానికే సందు దొరకదు, ఇంక దెయ్యానికెక్కడ? ఆ మధ్యాహ్నం దాకా రాగిణి కూడా నవ్వేసేదే.

ఆ బజారు వెనకవీధిలో, దుర్గాంబగారి మేడ మీద వాటాలో రాగిణి, జయంత్ అద్దెకుంటున్నారు. రెండు రోజుల క్రితమే రాగిణి అబార్షన్ చేయించుకుంది. మొగుడూ పెళ్ళాం ఇద్దరూ కూర్చుని ఆలోచించుకుని తీసుకున్న నిర్ణయమే, అందులో ఆమెకి శంకేమీ లేదు. కానీ ఎవరికీ చెప్పలేదు. అమ్మకి చెబితే ఏడుపు, అత్తగారికి చెబితే పంచాయితీ.

"బాగా తినండి, నీళ్ళు ఎక్కువగా తాగండి, రెస్ట్ తీసుకోండి. బ్లీడింగ్ ఎక్కువైతే మాత్రం ఇంట్లో కూర్చోకుండా వెంటనే వచ్చెయ్యాలి" అని డాక్టరు మరీ మరీ చెప్పింది. తినమంటే సరే, వండిపెట్టేదెవరు? జయంత్ మందుల కంపెనీ రిప్రజెంటేటివ్. ఆ పొద్దున పామర్రు వెళ్ళక తప్పలేదు. ఇడ్లీలు తెచ్చిపెట్టి, "సాయంత్రానికల్లా వచ్చేస్తాను, పడుకో" అని వెళ్ళిపోయాడు.

అదే పురుడైతే ఇంటినిండా మనుషులుండేవాళ్ళు. ఒకరు తల దువ్వితే ఒకరు అన్నం కలిపేవాళ్ళు. దీనికి ఎవరుంటారు? ఆ మాట తట్టేసరికి రాగిణికి దుఃఖం ఆగలేదు. గోడవైపు తిరిగి ఏడ్చింది.

మధ్యాహ్నం కరెంటు పోయింది. ఫ్యాను ఆగిపోగానే కింద ఆటోల రొద ఇంకా దగ్గరికొచ్చినట్టయింది. అప్పుడు తలుపు మెల్లగా తోసుకుని ఓ పెద్దావిడ లోపలికొచ్చింది. నేతచీర, చేతిలో మూతపెట్టిన గిన్నె. నేతిలో వేయించిన వెల్లుల్లి వాసన గదంతా కమ్ముకుంది.

"కింద నుంచే వస్తున్నా తల్లీ. ఇలా ఒక్కదాన్నీ వదిలేశారేమిటి నిన్ను?"

దుర్గాంబగారి చుట్టం కాబోలనుకుంది రాగిణి. ఆవిడ మిరియాల పొడి కలిపిన వేడన్నం ముద్దలు చేసి పెట్టింది. చెవుల్లో దూది పెట్టి, తలకి గుడ్డ చుట్టింది. పాత చీరని మడతపెట్టి నడుముకి బిగించి కట్టింది. ఎక్కణ్ణించి తెచ్చిందో, సాంబ్రాణి పొగ కూడా వేసింది. చేతులు గరుకే అయినా తల నిమురుతుంటే ప్రాణం లేచొచ్చింది. అంత ఆప్యాయంగా చేస్తున్న మనిషిని పట్టుకుని మీరెవరండీ అని అడగడానికి రాగిణికి మొహమాటమేసింది.

ఆ మొహమాటమే కొంప ముంచింది.

"కాస్త మంచినీళ్ళివ్వండి పెద్దమ్మా" అంది కాసేపటికి.

"పచ్చి ఒళ్ళు. నీళ్ళు తాగకూడదు."

"డాక్టరుగారు తాగమన్నారండీ..."

"వాళ్ళకేం తెలుసు? పడుకో."

ఆవిడ మంచం పక్కనున్న సీసా తీసి కిటికీలోంచి ఒంపేసింది. తలుపు గడియ పెట్టి, కిటికీ మూసి, గాలి తగలకుండా సందుల్లో గుడ్డపేలికలు కుక్కింది. బజారు చప్పుడు ఆగిపోయింది. చెవుల్లో దూది ఉంది కదా అని సరిపెట్టుకుంది రాగిణి. పొగ చిక్కబడుతోంది. వెల్లుల్లి వాసన కింద మరో వాసన... పచ్చినెత్తురు వాసన. దుప్పటి కింద చెయ్యి పెట్టి చూసుకుంది. పరుపంతా తడి.

లేవబోయింది. నడికట్టు ఊపిరాడనివ్వలేదు.

"పెద్దమ్మా... బ్లీడింగ్ ఎక్కువైంది. హాస్పిటల్‌కి వెళ్ళాలి."

"బాలింత గుమ్మం దాటకూడదు."

బాలింత! రాగిణి ఒళ్ళు చల్లబడింది.

"నేను... ఎవరికీ చెప్పలేదే. మీకెలా తెలిసింది?"

పెద్దావిడ గుమ్మానికి వీపు ఆనించి కూర్చుంది. పొగలో మొహం కనపడటం లేదు. గొంతు మాత్రం అలాగే, ఎంతో ప్రేమగా ఉంది.

"ఒకరు చెప్పాలా తల్లీ? ఎవరూ లేకుండా పడుకున్నవాళ్ళ దగ్గరికే కదా నేనొచ్చేది..."

కళ్ళు మూతలు పడుతున్నాయి. పడుకుంటే హాయిగా ఉంటుంది. ఎంతో హాయిగా... పడుకుంటే చచ్చిపోతానని కూడా తెలుస్తోంది. రాగిణి దూది పీకి పారేసింది. పళ్ళు బిగించి నడికట్టు ముడి లాగింది. మంచం మీంచి కిందపడి, పాక్కుంటూ గుమ్మం దాకా వెళ్ళింది. దారిలో ఆవిడ ఒడి తగిలింది. మెత్తగా, వెచ్చగా ఉంది. చల్లగా ఉన్నా ఇంత భయం వేసేది కాదు. గడియ తీసింది. వెనక నుంచి కొంగు పట్టుకుని లాగినట్టయింది... వెనక్కి తిరిగి చూడలేదు.

మెట్ల మీద కూలబడిన మనిషిని చూసి దుర్గాంబగారు కేకపెట్టింది. ఎవరినో పిలిచి ఆటోలో ఎక్కించి, తనూ పక్కనే కూర్చుంది. దారిలో రాగిణి పెద్దావిడ సంగతి అడిగితే దుర్గాంబగారు తెల్లమొహం వేసింది. "మా ఇంట్లో చుట్టాలెవరూ లేరమ్మా. నువ్వు మాట్లాడకు."

హాస్పిటల్లో సెలైన్ పెట్టారు, రక్తం ఎక్కించారు. డాక్టరు వచ్చి చూసి, "సమయానికి వచ్చారు, ఇంక భయం లేదు" అంది. ఆ మాటకి రాగిణి వెక్కి వెక్కి ఏడ్చింది. బతికినందుకు, జీవితంలో మొదటిసారి, సంతోషంతో ఏడ్చింది.

సాయంత్రమైంది. జయంత్ ఇంటికొచ్చి కంగారు పడతాడు. తన ఫోను గదిలోనే ఉండిపోయింది. నర్సు ఫోను అడిగి తీసుకుని చేసింది.

అతను ఫోనెత్తి గుసగుసగా అడిగాడు. "ఎవరండీ?"

"జయంత్, నేను..."

"కాస్త మెల్లగా మాట్లాడండి. మా ఆవిడకి ఒంట్లో బాగాలేదు, పడుకుంది."

"నేనే జయంత్! రాగిణిని! హాస్పిటల్లో ఉన్నాను."

"ఎవరండీ మీరు? రాగిణి నా పక్కనే ఉంది." ఫోను చెవి దగ్గర్నుంచి తీసినట్టున్నాడు, గొంతు దూరమైంది. "పెద్దమ్మగారూ, దీని చెయ్యేంటి, ఇంత చల్లగా ఉంది?"

ఆ వెనకే ఆ ప్రేమ నిండిన గొంతు వినిపించింది.

"లేపకు నాయనా... ఇంతసేపూ దాహం దాహమని ఒకటే గోల. ఇప్పుడే ఊరుకుంది."