అరవై ఒకటో పేపరు

దెయ్యం ఎదురొస్తే దాని చేతే సంధులు చెప్పించి పంపే ధీరుడు మన వ్యాకరణం మాస్టారు. బల్లి కనిపిస్తే మాత్రం బల్లెక్కుతారు.

ఆ సాయంత్రం ముసురు. బడి ఖాళీ. స్టాఫ్‌రూము నిండా తడి గొడుగు వాసన, సుద్దపొడి వాసన. మాస్టారి ముందు మధ్యాహ్నం పిల్లలిచ్చిన పేపర్ల కట్ట: 'జరిగిన సంగతులు భూతకాలంలో రాయండి.' పిల్లలు అరవై మంది. నడుము పీకేస్తోంది, రెప్పలు వాలిపోతున్నాయి. అయినా ఆయన దగ్గరో కిటుకుంది. వాక్యం చదవరు. చివర క్రియ ఒక్కటీ చూస్తారు. వచ్చాడు, టిక్కు. తిన్నాడు, టిక్కు. పడుకున్నాడు, టిక్కు. అడుగున సంతకం.

అన్నీ దిద్దేసి ఒళ్లు విరుచుకుంటుంటే ఫోను మోగింది. ఇల్లాలు.

"ఏమండీ, బయల్దేరారా?"

"ఎప్పుడో! సందు మలుపులో ఉన్నా," అన్నారు మాస్టారు, కుర్చీలోంచి కదలకుండా.

పేపర్లు లెక్కపెట్టారు. అరవై ఒకటి. మళ్లీ లెక్కపెట్టారు. అరవై ఒకటే.

ఒకదాని మీద పేరు లేదు. కాగితం చెమ్మగా ఉంది. తన ఎర్రసిరాతోనే పదికి పది, సంతకం. ఈసారి మొదట్నుంచీ చదివారు.

'మాస్టారు గొడుగు మేకుకి తగిలించారు. చల్లారిన టీ తాగారు. అందులో ఈగ పడింది. చూసుకోలేదు.'

గ్లాసులోకి తొంగిచూశారు... అడుగున చిన్న రెక్క.

'అమ్మగారితో, సందు మలుపులో ఉన్నానన్నారు. ఆయన బదులు నేను వెళ్లాను. అమ్మగారు తలుపు తీశారు.'

మేకు వైపు చూశారు. గొడుగు లేదు. నేల మీద నీటిచుక్కలు... గుమ్మం దాకా.

ఇంటి నంబరు నొక్కారు.

"ఏమే, తలుపు తీయకు!"

"అదేంటి?" ఇల్లాలి గొంతు గుసగుసకు దిగింది. "మరి... పెరట్లో కాళ్లు కడుక్కుంటున్నదెవరు?"

ఫోనులో, ఆమె వెనక నీళ్ల చప్పుడు. ఆగింది.

"ఎవరే ఫోనులో?" అచ్చం తన గొంతే.

"నేనే మీ ఆయన్ని! ఇంకా కుర్చీలోనే ఉన్నానే... అబద్ధం చెప్పా. పెళ్లయిన దగ్గర్నుంచీ అంతే. ఒక్కనాడూ బయల్దేరి, బయల్దేరానని చెప్పలేదు..."



"మా ఆయనైతే ఆ మాట చచ్చినా ఒప్పుకోరు," అంది ఇల్లాలు మెల్లగా. ఫోను పెట్టేసింది.

పేపర్లో చివరి వాక్యం ఒక్కటే మిగిలింది.

'అమ్మగారు నన్నే నమ్మారు.'

పక్కన, తను కొట్టిన టిక్కు... ఇంకా తడి ఆరలేదు.