ఉప్పు కొటారులో నవ్వు

బందరు కోట దారిలో, కాలవ పక్కన, ఒక పాత ఉప్పు కొటారు— ఉప్పు నిలవచేసే పెద్ద కొట్టు— ఉండేది. ఇప్పుడు లేదు. ఉన్న రోజుల్లో మాత్రం దీపాలు పెట్టాక ఆ దారిన ఒంటరిగా నడిచిన మగాడు లేడు.

తాతల నాటి ఉప్పెనలో బిడ్డల్ని పోగొట్టుకున్న ఒక తల్లి ఆ కొటారులో చేరిందట. ఏడవలేదట. నవ్విందట... పగలూ రాత్రీ నవ్వుతూనే ప్రాణం విడిచిందట. తర్వాత కొన్నాళ్ళకి ఉప్పు వ్యాపారం పోయింది, కొటారు ఖాళీ అయింది, వెనక గోడ కూలింది. నవ్వు మాత్రం పోలేదు— అనేవాళ్ళు.

నేను ఆ నవ్వు వినలేదు. విన్నవాడు మా కాంతారావు మావయ్య. మావయ్యంటే చుట్టరికం కాదు, పక్కిల్లు. చిలకలపూడిలో గిల్టు నగల పని చేసేవాడు. మనిషి తాటిచెట్టంత, గొంతు దానికి తగ్గట్టు. అందుకే సత్యవేదం మాస్టారు ఆయన్ని రాక్షసుణ్ణి చేశారు.

యాభై ఎనిమిదో, తొమ్మిదో— ఆ రోజుల సంగతి. సత్యవేదం మాస్టారిది ఇంగ్లీషుపాలెంలో కాపురం. బళ్ళో తెలుగు చెప్పేవారు. నాటకాల పిచ్చి. ఓ వారపత్రికలో సీరియల్‌గా వచ్చిన నవల ఆయన్ని పట్టుకుంది. పేరు ‘అద్దెకొచ్చిన రాక్షసుడు’. ఎవర్నీ భయపెట్టడం చేతకాక పాతాళంలోంచి గెంటేసిన మూడు తలల రాక్షసుడొకడు, ఒక ఊళ్ళో గది అద్దెకి తీసుకుంటాడు. ఇంటావిడ వాణ్ణి నీళ్ళు తోడమంటుంది, పిండి రుబ్బమంటుంది. చివరికి వాడే ఆవిణ్ణి చూసి వణుకుతాడు. అది చదువుతూ మాస్టారు మంచం మీంచి పడ్డంత పని చేశారట. దీన్ని నాటకం చేసి గుడివాడ పోటీలకి తీసుకెళ్ళాల్సిందే అని కూర్చున్నారు.

అక్కడ మొదలయ్యాయి తిప్పలు.

చదివితే నవ్వొచ్చే మాట, మనిషి నోట పలికేసరికి చచ్చిపోయేది. పుస్తకంలో రాక్షసుడు కొబ్బరి మట్టతో పళ్ళు తోముకుంటాడు. ఇక్కడేమో మావయ్య భుజాల మీద రెండు అట్ట తలకాయలు— ఒకటి ఊగుతుంది, ఒకటి ఊడుతుంది. మాస్టారు రాస్తారు, కొట్టేస్తారు, మళ్ళీ రాస్తారు. వేషగాళ్ళకి వినిపిస్తే ఆవలింతలు. తోటి మాస్టర్లకి వినిపిస్తే “బాగుందండీ” అని గడియారం చూసుకునేవాళ్ళు. ఇంట్లో భార్య రాహేలుని కూర్చోబెట్టి చదివేవారు. ఆవిడ చేతులు ఒళ్ళో పెట్టుకుని, గుళ్ళో ప్రసంగం వింటున్నట్టు వినేది.

“ఏం? నవ్వు రాలేదా?”

“బాగుందండీ.”

“బాగుండటం కాదు! నవ్వొచ్చిందా, లేదా?”

ఆవిడ తల దించుకునేది. మాస్టారు కాగితాలు విసిరికొట్టి వీధిలోకి వచ్చేసేవారు.

“గోడకి చదివినా తిరిగి శబ్దం వస్తుంది కాంతారావూ. పెళ్ళైన దగ్గర్నుంచీ చదువుతున్నాను ఆవిడకి— పెదవి కదిలితే ఒట్టు!”

ఈలోగా బళ్ళో రిహార్సల్సు కుదరవన్నారు. ఇంట్లో చేద్దామంటే ఇరుగుపొరుగు గోల. ఊరంతా తిరిగి తిరిగి, చివరికి దొరికింది— ఉప్పు కొటారు. సొంతదారు గోవర్ధనరావు గారు అడగ్గానే తాళంచెవి ఇచ్చేశారు.

“మీ ధైర్యం మీది మాస్టారూ. నేను మటుకు ఆ ఛాయలకి రాను” అన్నారట.

మొదటి సాయంత్రం పెట్రోమాక్సు లైటు మధ్యలో పెట్టారు. వెలుగు ఉన్నంత మేర నేల... ఆ పైన చీకటి. చిరిగిన గోనెల గుట్టలు. ఉప్పు వాసన. సముద్రం గాలికి తలుపు కిర్రు... కిర్రు...

మునిసిపాలిటీ గుమాస్తా గంగాధరరావుది ఇంటావిడ వేషం. చీర కట్టుకుని, నడుం మీద చెయ్యి పెట్టుకుని అన్నాడు—

“దిండు ఒక్కటే ఇస్తాను. దాని మీద ఏ తల పడుకోవాలో మీలో మీరు తేల్చుకోండి.”

మావయ్య అటూ ఇటూ తిరిగి తన తలల్ని తనే చూసుకున్నాడు. ఎడమ తల ఊడి కింద పడింది.

అప్పుడు... వినపడింది.

గోనెల గుట్ట వెనకనుంచి. ముందు బిగబట్టినట్టు సన్నగా... తర్వాత ఆగలేక, కిలకిలా... ఆడమనిషి నవ్వు.

అంతే. ఆగిపోయింది.

గంగాధరరావు కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని పరుగు. వెనకాలే మిగతావాళ్ళు. మావయ్య ఊడిన తల పట్టుకుని అక్కడే ఉండిపోయాడట. ఆంజనేయస్వామిని తలుచుకుంటూ మాస్టారి వైపు చూశాడు. మాస్టారి కళ్ళు మెరుస్తున్నాయి!

“కాంతారావూ...” గుసగుసగా అన్నారు. “నవ్వింది కదూ?”

“పోదాం రండి మాస్టారూ...”

“ఏ మాటకి నవ్వింది? దిండు మాటకా, తల ఊడినందుకా?”

మర్నాడు గంగాధరరావు చీర తిరిగి పంపించేశాడు. మిగతావాళ్ళు పగలైతే వస్తామన్నారు, అదీ మావయ్య ఇంటి అరుగు మీదైతేనే. సాయంత్రం కొటారుకి వెళ్ళేది ఇద్దరే— మాస్టారూ, ఆయన్ని ఒక్కణ్ణీ వదల్లేక మావయ్యా. ఇంటావిడ మాటలు మాస్టారే చెప్పేవారు.

కొన్ని రోజులు నవ్వు రాదు. కొన్ని రోజులు వస్తుంది. వచ్చిన చోట మాస్టారు మాటని ముట్టుకోరు. రాని చోట మాట మార్చి, మర్నాడు మళ్ళీ చెప్పి, చెవి ఒగ్గి వింటారు. మార్చిన మాటకి చీకట్లో ‘కిసుక్’ మంటే చాలు, ఆయన మొహం వెలిగిపోయేది. రాకపోతే మాత్రం దెయ్యం మీద కూడా విసుక్కునేవారట.

“ఇక్కడెందుకు నవ్వలేదు? నిన్న నవ్వావుగా!”

మావయ్య తలుపు వైపు జరుగుతూ అనేవాడు— “దెయ్యంతో తగువేంటండీ మాస్టారూ?”

“దెయ్యమైతేనేం? ఇంత ఊళ్ళో నా మాటకి నవ్వింది అదొక్కటే.”

ఒక సాయంత్రం మావయ్య ఆయన కోసం ఇంటికెళ్ళాడు. మాస్టారు చిరాగ్గా ఉన్నారు. పోటీలు దగ్గర పడ్డాయి, చివరి రంగం కుదరడం లేదు. రాహేలు మజ్జిగ తెచ్చి ఇద్దరికీ ఇచ్చింది. మాస్టారు గ్లాసు అందుకుంటూ అనేశారు—

“కొటారులో దెయ్యానికున్న పాటి రసికత కూడా నీకు లేదు.”

మావయ్యకి ఎటు చూడాలో తెలియలేదు. వాళ్ళు తాగేదాకా ఆవిడ పక్కనే నిలబడింది. ఖాళీ గ్లాసులు తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది.

ఆ రోజే జరిగింది.

గాలి ఎక్కువగా ఉంది. లైటు ఆరనా, వద్దా అన్నట్టు కొట్టుకుంటోంది. చివరి రంగం మొదలుపెట్టారు. నవల్లో రాక్షసుడు ఇంటావిడకి చెప్పకుండా, చెప్పులు చేత్తో పట్టుకుని, గోడ దూకి పారిపోతాడు. మాస్టారు అది తీసేసి సొంతంగా పెద్ద ఉపన్యాసం రాశారు— మనుషుల కంటే రాక్షసులే నయమని, లోకంలో రసికులే లేరని. మావయ్య మూడు తలలతో నిలబడి అదంతా చెప్పాడు. గొంతు కొటారంతా మోగింది. అయిపోయింది.

నవ్వు లేదు.

“మళ్ళీ చెప్పు” అన్నారు మాస్టారు.

మళ్ళీ చెప్పాడు. గాలి... తలుపు కిర్రు... అంతే.

మాస్టారు కాగితాలు నేలకేసి కొట్టారు. చీకట్లోకి తిరిగి అరిచారు.

“నవ్వవేం? ఏం, నీకూ విసుగొచ్చిందా? వేషగాళ్ళు పోయారు, బళ్ళో నవ్వుకున్నారు— నాటకాన్ని చూసి కాదు, నన్ను చూసి! ఇంట్లో చూస్తే రాతిబొమ్మ! నిన్ను నమ్ముకుని రాసుకున్నాను... నువ్వు కూడా మానేస్తే నేనెవరికి చెప్పుకోను?”

“మాస్టారూ, వద్దండీ...” మావయ్య చెయ్యి పట్టుకోబోయాడు. ఆయన విదిలించుకుని లైటు ఎత్తి పట్టుకున్నారు. గోనెల గుట్ట వైపు నడిచారు. ఒక అడుగు... ఇంకో అడుగు... మావయ్య వెనకాల, తలలు తీసెయ్యడం కూడా మర్చిపోయి.

గుట్ట వెనక ఏదో కదిలింది. వెక్కిన చప్పుడు. నవ్వు కాదు... ఏడుపు.

గోనెల మీంచి తెల్లగా ఏదో లేచి నిలబడింది.

మావయ్య కళ్ళు మూసుకున్నాడు. ఏ క్షణాన ఏమవుతుందోనని బిగదీసుకుని నిలబడ్డాడు. ఏమీ కాలేదు. మాస్టారి గొంతు వినపడింది, చాలా మెల్లిగా.

“రాహేలూ... నువ్వా?”

కళ్ళు తెరిచాడు. తెల్లచీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని రాహేలు. చెంపలు తడి.

“మొదటిరోజు మీకేమవుతుందోనని భయమేసి వచ్చానండీ” అంది. “పిల్లల్ని పక్కింటి ఆనందమ్మ గారి దగ్గర వదిలి, దారంతా ప్రార్థన చేసుకుంటూ... వెనక గోడ పడిపోయిన చోటునుంచి లోపలికొచ్చాను. ఆ దిండు మాటకి ఆపుకోలేకపోయాను. తర్వాత చెబితే తిడతారని చెప్పలేదు. రాకుండా కూడా ఉండలేకపోయాను. వీలైనప్పుడల్లా వచ్చాను.”

“మరి ఇంట్లో?” మాస్టారు లైటు ఇంకా దించలేదు. “అవే మాటలు... ఇంట్లో ఒక్కసారైనా...”

“ఇంట్లో మీరు ప్రతి మాటకీ ఆగి నా మొహంలోకి చూస్తారండీ. నవ్వితే తప్పేమో, నవ్వకపోతే తప్పేమో అని... మాట చెవిలోకే వెళ్ళదు. ఇక్కడ చీకటి. నన్నెవరూ చూడరు.”

“ఇవాళెందుకు నవ్వలేదు?”

“ఇవాళ రాక్షసుడు మాట్లాడినట్టు లేదండీ. మీరు నన్ను కోప్పడినట్టుంది.”

గుడివాడ సంగతి మీరడుగుతారని తెలుసు. ఉపన్యాసం తీసేశారు, రాక్షసుడు చెప్పులు పట్టుకునే పారిపోయాడు. జనం బాగానే నవ్వారు. బహుమతి మాత్రం ఓ పౌరాణిక నాటకానికి వెళ్ళింది. మాస్టారు ఇంకో నాటకం జోలికి పోలేదు. కానీ మావయ్య ఈ కథ ఎన్నిసార్లు చెప్పినా గుడివాడ దాకా వచ్చేవాడు కాదు. అడిగితే తప్ప. ఆ కొటారులోనే, ఆ లైటు వెలుగులోనే ఆగిపోయేవాడు.

“దెయ్యమే అయ్యుంటే బాగుండుననిపించిందిరా” అనేవాడు. “మాస్టారి మొహం చూడలేకపోయాను.”

ఎందుకంటే మాస్టారు అప్పుడు ఆవిణ్ణి ఇంకొక్క మాట అడిగారట. కోపంగా కాదు. కొత్తగా పరిచయమైన మనిషిని అడిగినట్టు.

“నీ నవ్వు... ఇలా ఉంటుందా రాహేలూ?”

ఆవిడ కొంగు నోటి మీంచి తీసింది.

“నాకూ ఇక్కడికొచ్చాకే తెలిసిందండీ.”