మెట్ల గోడ మీద ఖాళీ మేకు

కాఫీ కప్పుతో ముందు వసారాలోకి వచ్చిన నటేర్సియాకి ఆకుకూర మడిలో ఆ బోర్డు మళ్ళీ కనిపించింది. నిన్న సాయంత్రం గాలికి పడిపోయిందని ఎంత సంతోషించిందో! అత్తగారు తెల్లవారేసరికి లేచి, దాని ఇనప కాళ్ళకి రెండు రాళ్ళు అడ్డం పెట్టి మరీ నిలబెట్టింది. "పరీక్ష ఉండాల్సిందే! రెండో ప్రశ్నకు 'వద్దు' అని ఓటెయ్యండి" అని దాని మీద ఎర్రక్షరాలు.

"లేచావా? బోర్డు వంకరగా ఉందేమో చూసి చెప్పు," అంది డియోలిందా మడిలోంచే. డెబ్బై నాలుగేళ్ళ మనిషి. చేతికి మట్టి, చెవులకు ముత్యాలు.

"తిన్నగానే ఉందత్తయ్యా," అంది నటేర్సియా. మనసులో మాత్రం ఇంకో గాలి రావాలని కోరుకుంది.

ఆ ఏడు అమెరికాలోని ఫాల్ రివర్ ఊళ్ళో ఏ ఇంటి ముందు చూసినా ఇలాంటి బోర్డులే. రాష్ట్రం పదో తరగతిలో పెట్టే పరీక్ష ఒకటుంది. స్కూల్లో అన్ని సబ్జెక్టులూ పాసైనా సరే, అది గట్టెక్కకపోతే హైస్కూల్ డిప్లొమా ఇవ్వరు. ఆ నియమం తీసెయ్యాలా, వద్దా అని నవంబరులో జనాన్నే ఓటు అడుగుతున్నారు. ముప్పై ఏళ్ళు లెక్కలు చెప్పి రిటైరైన డియోలిందాకి ఆ ప్రశ్న అడగడమే తలకొట్టేసినట్టయింది.

ఇంట్లో కింద అత్తగారి కాపురం, పైన కొడుకూ కోడలూ మనవరాలూ. మధ్యనున్న మెట్ల గోడ మీద ఆ వంశంలో చదువుకున్నవాళ్ళ డిప్లొమాలన్నీ అద్దాల్లో వరసగా వేలాడుతుంటాయి. చివర ఒక ఖాళీ మేకు. "ఇది మా కోడలిది. పదహారేళ్ళుగా తెమ్మంటున్నాను, తేదు," అని వచ్చిన చుట్టాలందరికీ చూపిస్తుంది డియోలిందా. అడిగినప్పుడల్లా నటేర్సియాది ఒకటే జవాబు: "సావ్ మిగెల్ దీవికి తిరిగెళ్ళిపోయిన మా అమ్మ పెట్టెలో ఉందత్తయ్యా."

ఆ పెట్టెలో పాత దుప్పట్లు తప్ప ఏమీ లేవు. ఆ సంగతి లోకంలో నటేర్సియాకి, వాళ్ళమ్మకి తప్ప ఎవరికీ తెలియదు.

ఇన్నాళ్ళూ ఎలాగో నెట్టుకొచ్చింది. కానీ గత వారం, తను పద్నాలుగేళ్ళుగా వంట చేస్తున్న స్కూల్లో పెద్ద పంతులమ్మ పిలిచింది. మీ దీవుల నుంచి కొత్తగా వచ్చిన పిల్లలు నీ దగ్గర తప్ప నోరు విప్పడం లేదు, వచ్చే ఏడు నుంచి క్లాసులో సహాయకురాలిగా రా, అంది. నటేర్సియా కాళ్ళు నేల మీద నిలవలేదు. "డిప్లొమా కాపీ ఒకటి పట్టుకురా, చాలు," అనేసరికి ఆ కాళ్ళే చల్లబడ్డాయి.

ఆదివారం మధ్యాహ్నం అందరూ కింద బల్ల చుట్టూ చేరారు. ఆకుకూర సూపు పొగలు కక్కుతోంది. పదిహేనేళ్ళ గ్రాసా రొట్టె తుంచుతూ, "నానమ్మా, మా క్లాసులో ఆ పరీక్ష పేరెత్తితే సగం మందికి కడుపునొప్పి వస్తోంది, తెలుసా?" అంది.

"రానీ. కాస్త నొప్పి పడితేనే చదువు ఒంటపడుతుంది."

"అమ్మా, తినేటప్పుడెందుకే," అన్నాడు హొరాసియో, తల్లి గొంతు లేస్తోందని కనిపెట్టి.

"నువ్వుండరా! పరీక్ష తీసేస్తే ఆ డిప్లొమా దేనికి? చేపలు చుట్టుకోడానికా? పరీక్ష వద్దనేవాళ్ళలో రెండే రకాలు. ఒకరు బద్ధకస్తులు, రెండోవాళ్ళు బుర్ర లేనివాళ్ళు."

నటేర్సియా గరిటె కింద పెట్టింది.

"ఆ రెండిట్లో నేను ఏ రకమో చెప్పండత్తయ్యా."

"నీ సంగతి ఎవరెత్తారమ్మా ఇప్పుడు?"

నటేర్సియా జవాబివ్వకుండా పైకి వెళ్ళి, ఎర్రటి అట్ట ఒకటి పట్టుకొచ్చి సూపు గిన్నె పక్కన తెరిచి పెట్టింది. పైన స్కూలు బంగారు ముద్ర తళతళలాడుతోంది. లోపల ఏమీ లేదు.

"ఇక్కడి హైస్కూలు వాళ్ళు స్టేజీ ఎక్కనిచ్చారు, టోపీ గౌనూ వేసుకోనిచ్చారు, ఫొటో తీశారు. అట్ట మాత్రం ఖాళీది ఇచ్చారు, నలుగురిలో పరువు పోకుండా. అన్ని సబ్జెక్టులూ పాసయ్యాను. రాష్ట్రం వాళ్ళ లెక్కల పరీక్ష మూడుసార్లు రాశాను. ఆఖరిసారి రెండంటే రెండు మార్కులు తక్కువ. తర్వాత నాన్న మంచాన పడ్డారు, నేను కుట్టు ఫ్యాక్టరీలో చేరాను. అంతే."

"నాతో కూడా చెప్పలేదేం?" అన్నాడు హొరాసియో మెల్లగా.

"లెక్కల టీచరు కొడుకుతోనా!" అంది నటేర్సియా. నవ్వబోయింది, ఏడుపొచ్చేసింది.

డియోలిందా ఆ ఖాళీ అట్ట మూసి పక్కకి జరిపింది. సూపు సగంలో వదిలేసి, తన గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది.

తర్వాత ఆరు రోజులు అత్తాకోడళ్ళ మధ్య "ఉప్పు", "తలుపు", "సరే" తప్ప మాటల్లేవు. కొలువు మాట అటుంచి, ఆ ఇంట్లో తన చోటే పోయిందనిపించింది నటేర్సియాకి.

శనివారం పొద్దున డియోలిందా మెట్లెక్కి వచ్చింది. చంకలో కాగితాలు, భుజం మీద దుప్పటి. పాత ప్రశ్నపత్రాలన్నీ రాష్ట్రం వాళ్ళే ఇంటర్నెట్‌లో పెడతారు. కొడుకు చేత అచ్చు వేయించింది.

"నువ్వు ఆఖరిసారి రాసిన పేపరు. కూర్చో."

"అత్తయ్యా, నాకు ముప్పై ఎనిమిదేళ్ళు!"

"నాకు ఆరు రోజులుగా నిద్ర లేదు. ఆ రెండు మార్కులు ఎక్కడ పోయాయో నాకు తెలియాలి. కూర్చో అన్నానా!"

పరీక్షంటే పరీక్షే. గోడల మీద అంకె కనబడకూడదన్నది నియమం. డియోలిందా దుప్పటితో క్యాలెండరు కప్పింది. గడియారం తిప్పి పెట్టింది. కొలత గీతలున్న గిన్నె కూడా అల్మారాలోకి పోయింది. కాఫీ పట్టుకొచ్చిన హొరాసియోని గుమ్మంలోనే ఆపేసింది.

"పరీక్ష హాల్లోకి బయటివాళ్ళు రాకూడదు!"

"ఇది నా వంటిల్లమ్మా!"

"పన్నెండు దాకా కాదు. పో."

గ్రాసా మెట్ల మీద కూర్చుని, కడుపు పట్టుకుని నవ్వింది. నటేర్సియా మొదటి గంట చెమటలు కక్కింది. రెండో గంటలో ఇన్నేళ్ళ వంటింటి లెక్కలు వేళ్ళలోకి దిగొచ్చాయి. పన్నెండు కొట్టకముందే పెన్ను పెట్టేసింది.

డియోలిందా ఎర్రపెన్ను తీసి దిద్దడం మొదలుపెట్టింది. టిక్కు, టిక్కు, ఒక సున్నా, టిక్కు. నాలుగో పేజీ దగ్గర పెన్ను ఆగింది. తోట వైశాల్యం, వెడల్పు ఇచ్చి పొడవు కనుక్కోమన్న భాగహారం లెక్క. జవాబు సరిగ్గా ఉంది.

"పని చూపించు అన్నారు కదా. గుణించిందీ తీసేసిందీ ఏవీ?"

"అవి బుర్రలో చేసేస్తాం కదత్తయ్యా. మిగిలింది మాత్రమే రాస్తాం. దీవిలో మా ఊరి టీచరమ్మ అలాగే నేర్పింది. ఈ లెక్క నాకు బాగా గుర్తుంది, అప్పుడూ ఇలాగే చేశాను."

డియోలిందా ఆ కాగితాన్ని దగ్గరగా పట్టుకుంది. భాగహారానికి అదే నిలువు గీత, దాని మూలన అదే అడ్డగీత. పదకొండేళ్ళప్పుడు అదే దీవుల నుంచి వచ్చి ఓడ దిగి, ఇక్కడి స్కూల్లో తను మొదటిసారి చేసిన భాగహారం కూడా ఇలాగే ఉండేది. టీచరు అడ్డంగా కొట్టేసి మళ్ళీ చెయ్యమంది. బుద్ధిగా వాళ్ళ పద్ధతి నేర్చుకుంది, తనది మర్చిపోయింది. ఆ తర్వాత ముప్పై ఏళ్ళు తనే టీచరు.

"నేను దిద్ది ఉన్నా ఈ రెండు మార్కులు కోసేసేదాన్నే," అంది. "ఎంతమంది పిల్లలకి కోశానో, నా తల్లీ! జవాబు కళ్ళ ముందు ఉండగా."

నటేర్సియా లేచి అత్తగారి భుజం చుట్టూ చెయ్యి వేసింది. పెద్దావిడ ఆ చేతిలో మొహం దాచుకుని వెక్కివెక్కి ఏడ్చింది. కోడలూ ఏడ్చింది.

ముందు తేరుకున్నది డియోలిందాయే. ముక్కు తుడుచుకుని, ఎర్రపెన్నుతో ఆ లెక్క పక్కన పెద్ద టిక్కు కొట్టి, రెండు మార్కులు వేసి, కింద సంతకం చేసింది. కాగితాలన్నీ అద్దంలో బిగించి, తనే వెళ్ళి ఖాళీ మేకుకి తగిలించింది.

మర్నాడు మడిలో బోర్డు లేదు. దాని ఇనప కాళ్ళు బఠాణీ తీగలకి ఊతంగా నిలబడ్డాయి. "అయితే ఓటు మార్చావా నానమ్మా?" అని గ్రాసా అడిగితే, "నా ఓటు సంగతి నీకెందుకే? వెళ్ళి చదువుకో!" అని కసిరింది.

నవంబరులో ఆ నియమం పోయింది. నటేర్సియా డిప్లొమా కోసం తన పాత స్కూలుకి అర్జీ పెట్టుకుంది. మంచు కరిగే వేళకి నిజం డిప్లొమా వచ్చింది, మొదటి కాపీ పెద్ద పంతులమ్మ బల్ల మీదికి వెళ్ళింది. అసలుది అద్దం కట్టించి పట్టుకొచ్చిన హొరాసియో, మేకు మీదున్న ప్రశ్నపత్రం తియ్యబోయాడు.

"దాని జోలికి వెళ్ళావంటే వేళ్ళు విరుస్తాను!" అంది డియోలిందా కిందనుంచి. "సుత్తి తీసుకురా. ఇంకో మేకు కొడదాం."